రోడ్డు వైపు తిప్పిన వాకిలి

నేను గోరంట్ల దిక్కు నుంచి శింగనమల దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన ఏడాదే మా పేటకు సర్కారు ఇండ్లు మంజూరైనాయి. అంతవరకు మా వాళ్ళ గుడిసెలు వంక ఒడ్డున, ఊరి మురుగంతా వచ్చి చేరే చోట ఉండేవి. మాది కూలి చేసుకుని బతికే క్రైస్తవ కుటుంబం. ఆదివారం ప్రార్థనలో అందరం దేవుని బిడ్డలమే. సోమవారం ఊళ్ళోకి పోవాలంటే మాత్రం చెప్పులు చేత పట్టుకోవాలి.

అదివరకు ఇంటి జాగా కావాలంటే తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళు అరిగిపోయేవట. కొత్త పద్ధతిలో బ్లాకు ఆఫీసు వాళ్ళే పేటకు వచ్చారు. రోడ్డు పక్కన బీడు భూమి చూపించి, సున్నంతో గీతలు వేసి పోయారు. అన్ని ఇండ్లకూ ఒకటే ప్లాను. రాళ్ళు మోసేది, గోడలు లేపేది మేమే. వాకిళ్ళు, అంటే తలుపు బిగించే కొయ్య చట్రాలు, కిటికీలు, దూలాలు, పెంకులు సర్కారువి. అన్నీ ఒకే కొలతవి కాబట్టి ఖర్చు తక్కువ, పని తొందరగా అయిపోతుంది. మంచి ఆలోచనే. ఇప్పటికీ నేను అదే అంటాను.

ఎండాకాలం పనులు లేని రోజుల్లో గోడలు మొదలుపెట్టినాము. రాళ్ళకు మా సీమలో కరువు లేదు. నా మొగుడు గుట్ట మీద రాళ్ళు కొట్టేవాడు, మా అత్త అడుసు తొక్కేది, నేను తట్టలో మోసేదాన్ని. గోడ నా రొమ్ము ఎత్తుకు వచ్చినప్పుడు గానీ నాకు సంగతి తట్టలేదు. వాకిలి నిలబెట్టింది వెనక బీడు వైపు. రోడ్డు వైపు ఉత్త రాతిగోడ, కిటికీ కూడా లేదు. పక్కింటిదీ అంతే. ఆ పక్కింటిదీ అంతే. బస్సులో పోయేవాళ్ళకు మా ఇండ్ల వీపులు తప్ప మరేమీ కనిపించవు.

"ఏమత్తా, రోడ్డు ఈ పక్కుంటే వాకిలి ఆ పక్క పెట్టినారేం?" అని అడిగినాను.

"ప్లాను అట్లుండాదంట. సర్కారోళ్ళకు తెలీదా? నువ్వు మోసే రాయి చూసుకో" అనింది మా అత్త.

నేను రాయి మోసినాను గానీ మనసు ఊరుకోలేదు. మా అమ్మగారింట్లో గుడిసె చిన్నదే అయినా తలుపు తీస్తే దోవ కనిపించేది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, సంతకు తోలుకుపోయే మేకలు, అన్నీ కనిపించేవి. ఇక్కడ తలుపు తీస్తే కంపచెట్లు. మనిషి మొహం చూడాలంటే ఇల్లు చుట్టి రావాలి. కొత్త ఇల్లు అని సంబరపడి కట్టుకుని, దాంట్లో దాక్కున్నట్టు బతకాలా?

మరుసటి రోజు నా మొగుడు గుట్టకు పోయినాక గడ్డపార తీసుకున్నాను. రోడ్డు వైపు గోడ నడుమ, వాకిలి పట్టేంత మేర, పై వరస నుంచి రాళ్ళు ఒక్కొక్కటే ఊడదీసినాను. అడుసు ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి కష్టపడకుండానే వచ్చాయి. మా అత్త నీళ్ళ కడవతో వచ్చి చూసి, కడవ కింద పెట్టేసి నెత్తి కొట్టుకుంది.

"ఏం పోయేకాలమే నీకు! కట్టిన గోడ పెరుకుతాండావే!"

"వాకిలి ఈ పక్కకు తెస్తాండా అత్తా."

మధ్యాహ్నం నా మొగుడు వచ్చినాడు. ఊడదీసిన రాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు. తర్వాత, "పని చూసే బ్లాకాఫీసు ఓవర్సీరు ఊరుకుంటాడా?" అన్నాడు.

"వాకిలి అదే, గోడ అదే. తిప్పితిమి, అంతే కదప్పా. సర్కారుకేం పోయింది?"

ఆయన తల గీరుకున్నాడు. చివరికి వెనక పక్క వాకిలి కదిలించి, భుజాన వేసుకుని ఇటు తెచ్చింది ఆయనే. ఊడదీసిన రాళ్ళతో అక్కడి సందు పూడ్చినాము.

వారం తిరక్కముందే ఓవర్సీరు జీపు దిగినాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్రాయన, చెడ్డవాడని చెప్పలేను. మా ఇల్లు చూసి ఎర్రబడ్డాడు.

"ఎవరు మార్చమన్నారు? ప్లాను ఒకటేగా ఇచ్చాం! ఒక్కొక్కళ్ళు ఒక్కో రకంగా కట్టుకుంటూ పోతే ఈ పని ఎప్పటికి తెములుతుంది?"

"పని యాడ ఆగింది సార్? మా గోడ అందరికంటే ముందుండాది" అన్నాను.

"అది కాదమ్మా. గుమ్మాలు వెనక వైపుంటే బాగుంటుందని మీ ఊరి పెద్దాయన కూడా చెప్పారు. రోడ్డు మీద వాళ్ళ పెళ్ళి ఊరేగింపులు పోతాయి, ఆడవాళ్ళు నడుస్తారు. ఎదురుగా మీ గుమ్మాలుంటే ఇబ్బంది కదా అని..."

మాట మధ్యలోనే ఆగిపోయాడు. అనకూడనిది అన్నానని ఆయనకే తెలిసినట్టుంది. చుట్టూ మా పేట వాళ్ళు నిలబడి ఉన్నారు.

అప్పటిదాకా నన్ను తిడుతున్న మా అత్త అడుసు చేతులతోనే వచ్చి, ఆ వాకిట్లో గడప మీద కూర్చుంది. పైన కప్పు లేదు, తలుపు లేదు. మండే ఎండ.

"మా మొగాలు సూస్తే వాళ్ళకు ఇబ్బందా సార్? వాళ్ళ చేన్లలో కలుపు తీసేటప్పుడు, వాళ్ళ కొట్టాల్లో పేడ ఎత్తేటప్పుడు ఇబ్బంది లేదే! ఈ వాకిలి తియ్యాలంటే నన్ను తీసి అవతల పారెయ్యండి" అనింది.

ఓవర్సీరు జీపెక్కుతూ, "ప్లాను ప్రకారం లేని ఇంటికి పెంకులు రావు. తర్వాత నన్ననొద్దు" అన్నాడు.

అన్నట్టే చేసినాడు. పేటకంతా పెంకులు దిగినాయి, మాకు దిగలేదు. గుట్టలెక్కి బోద గడ్డి కోసుకొచ్చి పైన కప్పుకున్నాము. ఊరి పెద్దాయన శెనక్కాయ పీకే పనికి మా ఇంటి వాళ్ళను పిలవొద్దని చెప్పించినాడు. పేటలో అందరూ చేన్లకు పోతుంటే మేము ముగ్గురం రోడ్డు పనికి కంకర కొట్టను పోయేవాళ్ళం. ఆ ఏడాది వాన రాదనుకుంటే ఒక్కటే వాన వచ్చింది, గాలితో. బోద సగం లేచిపోయింది. తడిసిన జొన్నలు ఆరబోస్తూ నా మొగుడు నోరు చేసుకున్నాడు.

"నీ వాకిలి సల్లగుండ! పెంకుల కింద పండుకోవాల్సినోళ్ళం."

"అయితే తిప్పు. నువ్వే మోసినావు, నువ్వే తిప్పు" అన్నాను. ఏడుపు వస్తోంది గానీ ఆయన ముందు ఏడవలేదు. ఆయన వాకిలి దాకా పోయినాడు. అక్కడ నిలబడి కాసేపు రోడ్డు చూసినాడు. తిరిగి వచ్చి బోద సర్దడం మొదలుపెట్టినాడు.

ఒక సాయంత్రం ఆ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఊరి పెద్దాయన మనుషులతో రోడ్డు మీద వచ్చినాడు. అలాంటప్పుడు లేచి నిలబడాలి, మా పేటలో అందరికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన పద్ధతి అది. నా కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. చేటను ఒళ్ళో గట్టిగా అదిమి పెట్టుకున్నాను. ఆయన చూసినాడు. నేనూ చూసినాను. లేవలేదు. ఆయన మనిషి ఒకడు, "ఏమ్మే, కండ్లు కనిపించలేదా?" అన్నాడు.

"కనిపిస్తాండాయి కాబట్టే రాళ్ళు ఏరుతాండా" అన్నాను.

ఆ మాట తెల్లారేసరికి పేటంతా తిరిగింది. నాకు ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు. ఏమీ కాలేదు. రెండు వారాలకు పక్కింటామె వచ్చి, "మీ గడ్డపార ఇస్తావా అక్కా?" అనింది. ఆమె వాకిలి తిప్పడానికి నేనూ చెయ్యి వేసినాను. వాళ్ళ ఇల్లు అప్పటికే పెంకులు వేసుకున్నది కాబట్టి చాలా జాగ్రత్తగా, గుంజలు ఆనించి గోడ తీయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇల్లు. తర్వాత లెక్క పెట్టడం మానేసినాము. వాకిలి తిప్పినోళ్ళను ఎంతమందినని పనికి పిలవకుండా ఉంటాడు ఊరి పెద్దాయన? శెనక్కాయ భూమిలోనే మొలకెత్తుతుంటే పెద్దాయనే మనిషిని పంపించినాడు.

మాకు పెంకులు వచ్చిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఓవర్సీరు బదిలీ అయి కొత్తాయన వచ్చినాడు. పై ఆఫీసరు కాలనీ చూడను వస్తున్నాడని కబురు వచ్చింది. ఒక్క ఇల్లు బోదతో ఉంటే పని పూర్తయిందని ఎలా చూపిస్తారు? పొద్దున లారీ వచ్చింది, సాయంత్రానికి మా కప్పు ఎర్రగా నిలబడింది. సర్కారు తలుచుకుంటే ఎంత తొందరగా ఇల్లు కట్టగలదో ఆ రోజు కళ్ళారా చూసినాను. వచ్చిన ఆఫీసరు రోడ్డు మీదే నిలబడి, అన్ని వాకిళ్ళూ వరసగా ఎదురొస్తుంటే, "చాలా బాగుంది, ప్లాను బాగుంది" అని మెచ్చుకున్నాడు. ఆయన పక్కన ఊరి పెద్దాయన పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఇంకొన్నేళ్ళకు రోడ్డు అవతలి పక్క రెండో వరస ఇండ్లకు సున్నం గీతలు వేయను కొత్త మనిషి వచ్చినాడు. చేతిలో కాగితం చుట్ట. దాన్ని విప్పకముందే పేట ఆడవాళ్ళందరం పని వదిలేసి ఆయన చుట్టూ చేరినాము. పాపం, ఆయన బెదిరిపోయి, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"గీతలు మెల్లిగా ఎయ్యచ్చులే. ముందు వాకిండ్లు ఏ పక్కనో చెప్పు సార్" అన్నాను.