బేరమాడి పెట్టిన పేరు

మా మేనకోడలి పేరు ఇక్కడ రాయను. రాస్తే, దాన్ని ఇంగ్లీషులో ఎలా రాస్తారని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే నేను చెబుతాను. నేను చెప్పిన సంగతి అనకాపల్లి చేరుతుంది. అక్కడి నుంచి మా మరదలు ఫోన్ చేసి, "అయిపోయిన గొడవ మళ్లీ ఎందుకొదినా" అంటుంది. గొడవ అయిపోయిందో లేదో నిర్ణయించేది ఎప్పుడూ అవతలివాళ్లే కావడం నా జీవితంలో మొదటినుంచీ ఉన్న విశేషం.

నా పుట్టిల్లు అనకాపల్లి. పెళ్లయి ఎలమంచిలి వెళ్లాను. బస్సెక్కితే గంట కూడా పట్టని దూరం. అయినా ఆడపడుచుకు పుట్టింట్లో హక్కులు బస్సు టిక్కెట్టు లాంటివి. దిగాక చెల్లవు. నాకు మిగిలిన హక్కు ఒక్కటే. తమ్ముడికి బిడ్డ పుడితే మేనత్తగా ఉయ్యాల తీసుకెళ్లి, బిడ్డను అందులో వేసి, చెవిలో పేరు చెప్పడం. ఆ పేరు మేనత్త ఎంచినదే అయి ఉండాలి. మా కుటుంబాల్లో ఇది అడిగి పుచ్చుకునేది కాదు.

పైగా ఆ పేరు నా దగ్గర చాలాకాలంగా సిద్ధంగా ఉంది. నా కూతురికి పెట్టుకుందామనుకున్నది. నాకు ఇద్దరూ మగపిల్లలే పుట్టారు. ఇంక పిల్లలు వద్దనుకున్నాక ఆ పేరు అలాగే నా దగ్గర ఉండిపోయింది. దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను. అక్కర్లేని అక్షరాలు ఉండకూడదు, ముఖ్యంగా హెచ్ ఉండకూడదు. నా పేరులో ఒక హెచ్ ఉంది. బడిలో చేర్చిన రోజు మాస్టారు, నన్నుగానీ మా నాన్ననుగానీ అడక్కుండా, అందంగా ఉంటుందని చేర్చాడు. దాని మూలంగా ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చే ప్రతి బ్యాంకు మేనేజరూ నా పేరును తుమ్మినట్టు పిలుస్తాడు. మాస్టారు పోయాడు. హెచ్ ఉంది.

2004లో తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలోనే పేరు చెప్పాను. స్పెల్లింగు కూడా ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను.

"బాగుందొదినా," అంది మరదలు.

"అప్ప ఎట్టిందే పేరు. ఇంకేటి మాటాడక్కర్లేదు," అన్నాడు తమ్ముడు. వాడు నన్ను చిన్నప్పటి నుంచీ అప్పా అనే పిలుస్తాడు.

"రాసుకోరా," అన్నాను.

"గుర్తుంటాదిలే."

వాడికి గుర్తుండదని నాకు తెలుసు. వాడి పెళ్లి ఆల్బంలో నేను ఉన్నది ఒకే ఒక్క ఫోటోలో, అదీ మోచేయి వరకే. ఫోటోగ్రాఫరుకు గుర్తుచేస్తానని వాడే అన్నాడు. అందుకే మర్నాడే మెయిన్ రోడ్డులో ఒక వెండి గ్లాసు కొని, దాని మీద పేరును ఇంగ్లీషులో చెక్కించాను. రేపు ఎవరైనా నువ్వు ఇలా చెప్పలేదంటే చూపించడానికి ఉంటుంది.

బారసాలకు ముందురోజు సాయంత్రం, ఇనుప ఉయ్యాలను బస్సు టాపు మీద వేయించుకుని మా ఆయనా నేనూ దిగాం. సందు మొదట్లోనే పెద్ద ఫ్లెక్సు కనిపించింది. మధ్యలో గులాబీ పువ్వు, అందులో నీలికళ్ల తెల్లదొరల పిల్ల. ఆ పిల్ల మాది కాదు. కింద మేనమామ ఫోటో ఉంది, సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని. మేనత్త ఫోటో లేదు. మోచేయి కూడా లేదు. పైన ఇంగ్లీషులో మా పాప పేరు. ఒక్క ఏ ఉండాల్సిన చోట రెండు ఏలు, చివర్లో ఒక హెచ్.

ఉయ్యాల దించకుండానే అడిగాను.

"ఏటిది?"

"ఫ్లెక్సు అప్పా."

"ఫ్లెక్సని నాకూ తెల్సు. ఆ పేరేటి?"

"నువ్వెట్టిందే."

"నేనెట్టిందాన్లో హెచ్ నేదు. ఆ రెండో ఏ ఎవులెట్టేరు?"

లోపలి నుంచి మరదలు పాపను ఎత్తుకుని వచ్చింది. "పేరు నువ్వెట్టిందే కదొదినా. పిలుపేటీ మారనేదు. రాతే కదా మారింది."

"పిలుపు గాల్లో పోద్ది. రాతే ఉండిపోద్ది," అన్నాను.

అప్పుడు ఫ్లెక్సులోని మేనమామ, అంటే మరదలి అన్న, గదిలోంచి బయటికి వచ్చాడు. విశాఖపట్నంలో ఏదో కంపెనీలో సూపర్‌వైజరు. టీవీలో ఎవరో చెప్పగా విని, తన పేరులో ఒక అక్షరం ఎక్కువ చేర్చుకున్నాడు. చేర్చుకున్నాక ప్రమోషన్ వచ్చింది. పైఆఫీసరు రిటైరైన నెలలోనే అక్షరం చేర్చుకున్నాడని మా ఆయన అంటారు.

"ఇది సైన్సు వదినా," అన్నాడతను. "గాజువాకలో ఒక పెద్దాయనున్నారు. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికీ ఒక్కో అంకె ఉంటాది. ఆయన నెక్క కట్టి ఈ రెండక్షరాలూ ఎయ్యమన్నారు. మొత్తం పద్దెనిమిదొచ్చింది. ఒకటీ ఎనిమిదీ కలిపితే తొమ్మిది. తొమ్మిదంటే రాజయోగం."

"మరి నేను చెప్పినదానికి ఎంతొచ్చింది?"

"అది నేనడగనేదు."

"నన్నూ అడగనేదు, దాన్నీ అడగనేదు. బాగుంది."

మా ఆయన చెప్పులు విప్పుతూ, "తొమ్మిది నెల్లు మోసింది సాల్దేటి బావా, మళ్లీ ఇంకో తొమ్మిదెందుకు?" అన్నారు తమ్ముడితో. తమ్ముడు నవ్వబోయి మరదలి మొహం చూసి ఆగాడు.

మా తమ్ముడికి బెల్లం మార్కెట్లో కమిషన్ కొట్టు. రైతు ఒక ధర చెబుతాడు, కొనేవాడు ఇంకో ధర చెబుతాడు. వీడు ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, రెంటికీ నడుమ ఒకచోట ఆపుతాడు. ఇద్దరూ తిట్టుకుంటూ పోతారు. ఇద్దరూ తిట్టుకుంటే బేరం ధర్మంగా జరిగినట్టని వాడి సిద్ధాంతం. ఆ సాయంత్రం అరుగు మీద నా పక్కన చేరి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఏ పనిమీద వచ్చిందో నాకు తెలుసు.

"సూడప్పా. ఆళ్లు రెండక్షరాలు ఎక్కువేసేరు. నువ్వు ఒక్కటీ వద్దంతన్నావు. ఒకటి కాడ ఆపేద్దాం."

"ఇదేటి, బెల్లం దిమ్మట్రా?"

"ఏదైనా అంతేనప్పా. హెచ్ ఆళ్లకొదిలేద్దాం. ఏ తీయించేత్తాను. అది నీ మాట నెగ్గినట్టు."

"నాకు కావల్సింది హెచ్ పోవడం."

"రెండు పక్కలా కాస్త నట్టం ఉండాల గదా."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని ఇప్పుడడిగినా చెబుతాను. మాట్లాడి లాభం లేదని నోరు మూసుకున్నాను, అంతే. బెల్లం మార్కెట్లో అది ఒప్పుకున్నట్టు లెక్కట. వాడు వెంటనే లేచి మైదాపిండి ఉడికించి, నిచ్చెన వేసుకుని, ఫ్లెక్సు మీద ఒక ఏ కనిపించకుండా తెల్ల కాగితం అతికించాడు. పేరు మధ్యలో పన్ను ఊడినట్టుగా ఉంది. మరదలి అన్న కింద నిలబడి అన్నం తినకుండా చూశాడు. నేనూ తినలేదు. ధర్మం జరిగిందన్నమాట.

మర్నాడు పళ్లెంలో బియ్యం పోసి, బంగారపుటుంగరంతో మా తమ్ముడు పాప పేరు రాశాడు. తెలుగులో రాస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఇంగ్లీషులోనే రాయాలని మరదలి అన్న పట్టుబట్టాడు. తమ్ముడు తను బేరం కుదిర్చిన ప్రకారం హెచ్ ఉంచి, ఏ మానేసి రాశాడు.

తరవాత ఉయ్యాల. నేను తెచ్చిన ఉయ్యాల మీద అప్పటికే రెండు తడి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. ఎవరు వేశారని అడిగితే ఎవరూ వేయలేదు. నేనే తీసి, మడతపెట్టి, పాపను పడుకోబెట్టి వంగాను. పాప చెవి వెచ్చగా ఉంది. ఇన్నేళ్లు నా దగ్గరున్న పేరు అందులో చెప్పాను. రెండోసారి చెప్పబోతుంటే వెనక నుంచి మరదలి అన్న, "వదినా, మద్దిలో ఆ దగ్గర కొంచెం సాగదియ్యండి" అన్నాడు. నేను సాగదీయలేదు. పాప నావైపు చూసి ఆవలించింది. ఆ ఇంట్లో ఆ రోజు నాతో మర్యాదగా ప్రవర్తించింది తనొక్కతే.

భోజనాల వేళకు గాజువాక పెద్దాయన వచ్చాడు. ఆయనకు చేతుల కుర్చీ వేశారు. మాకు చాపలు. ఆయన మజ్జిగ తాగుతూ ఫ్లెక్సు వైపు చూసి, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ అతుకు ఏమిటి?"

తమ్ముడు చెప్పాడు. ఆయన వేళ్లు మడిచి లెక్క చూశాడు. "ఏ అంటే ఒకటి. అది తీసేశారు. పద్దెనిమిది కాస్తా పదిహేడయింది. ఒకటీ ఏడూ కలిపితే ఎనిమిది. ఎనిమిది శని అంకె. ఎంత పని చేశారు!"

మరదలు పాపను గుండెకు హత్తుకుని ఏడుపు మొదలుపెట్టింది. అందరూ నావైపు చూశారు. కాగితం అతికించింది తమ్ముడు. లెక్క చెప్పింది పెద్దాయన. ఫ్లెక్సు వేయించింది మేనమామ. చూసింది మాత్రం నావైపు.

నేను ఆకు ముందు నుంచి లేచాను. "అయ్యా, అసలు నేను పెట్టిన పేరుకు, ఏ ఒక్కటే ఉండి, హెచ్ లేకుండా ఎంతొస్తుందో సెలవియ్యండి."

ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. "హెచ్ కి ఎంత?" అని మా ఆయన అడిగారు. ఎనిమిది అన్నాడు. "పదిహేడులోంచి ఎనిమిది తీసేస్తే తొమ్మిది కదండీ," అన్నారు మా ఆయన, పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

వడ్డిస్తున్న మనిషి గరిటె గాలిలోనే ఆపింది. వాళ్లు పద్దెనిమిది వరకూ వెళ్లి, మళ్లీ కలుపుకుని తెచ్చుకున్న తొమ్మిది, ఆసుపత్రిలో నేను చెప్పిన పేరులో మొదటినుంచీ ఉంది. ఇంతకాలం బతికినందుకు నాకొక మధ్యాహ్నం దక్కిందనుకున్నాను.

పెద్దాయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "అది ఒట్టి తొమ్మిదమ్మా. ఇది పద్దెనిమిదిలోంచి దిగిన తొమ్మిది. బలం వేరు."

"రంగు తేడా," అన్నాడు మా తమ్ముడు తల ఊపుతూ. ఒకే గానుగలోంచి వచ్చిన బెల్లానికి రెండు ధరలు చెప్పడం వాడికి రోజూ ఉన్న పనే.

"బలం సంగతెలాగున్నా రెండూ తొమ్మిదే కదా. అయితే నాదే ఉంచండి," అన్నాను.

 మరదలి అన్న అందుకున్నాడు. "మీదుంచాలంటే ఇంకో కాగితం అతికించాల వదినా. మాదుంచాలంటే ఉన్నది పీకేత్తే సాల్ను."

అలా తేలింది. శాస్త్రం వల్ల కాదు, రాజయోగం వల్ల కాదు. పీకడం సులువు కాబట్టి. తమ్ముడు నిచ్చెన ఎక్కి కాగితం పీకాడు. ఏ బయటపడింది. మున్సిపాలిటీలో అలాగే రాయించారు. పెద్దాయన పరమాన్నం రెండోసారి వేయించుకున్నాడు.

వెండి గ్లాసు ఇచ్చినప్పుడు మరదలు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అక్షరాలు తక్కువున్నాయొదినా" అంది, తూకం తక్కువుందన్నట్టుగా. "సెరిపించొచ్చేటి?" అని కూడా అడిగింది. కరిగిస్తే తప్ప పోవని చెప్పాను. కరిగించలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. అద్దాల బీరువాలో అక్షరాలు గోడవైపు తిప్పి పెట్టారు. నేను వెళ్లినప్పుడల్లా ఇటు తిప్పేదాన్ని. మళ్లీ వెళ్లేసరికి అటు తిరిగి ఉండేది. ఈ విషయం మీద మా మధ్య ఒక్క మాట కూడా జరగలేదు.

ఫ్లెక్సు మాత్రం ఆ ఏడాది వానలకే తమ్ముడి కొట్టు వెనక కట్టెల మీద కప్పడానికి వెళ్లిపోయింది. మేనమామ సెల్‌ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ చాలాకాలం ఆ కట్టెల మీద తడిశాడు.

పాపను ఎల్‌కేజీలో వేశారు. కొన్నాళ్లకు అనకాపల్లి బస్సు కాంప్లెక్సులో నిలబడి ఉంటే, మా పుట్టింటి పక్కింటావిడ కలిసింది. "మీ మేనకోడలు పేరు తప్పు రాత్తందని మిస్సు పిలిపించిందట కదా" అంది. నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు. ఎలమంచిలి బస్సు వదిలేసి నేరుగా పుట్టింటికి వెళ్లాను.

పాప పలక ముందు పెట్టుకుని కూర్చుంది. రాసి చూపించమన్నాను. రాసింది. ఏ ఒక్కటే ఉంది. హెచ్ లేదు. ఒక అక్షరం తిరగబడింది, అది వేరే సంగతి.

"ఎవరు నేర్పేరే?"

"పాల గ్లాసు మీదుందత్తా."

వెండి గ్లాసులో పాలు తాగితే పిల్లలకు మంచిదని ఎవరో చెప్పారట. బీరువాలోంచి తీసి రోజూ అందులోనే ఇస్తున్నారట. తాగినంతసేపూ పిల్ల చూసేది ఏమిటో ఎవరూ ఆలోచించలేదు. పేరు రాయమంటే మిస్సు రాసిచ్చిన పొడుగుపాటిది వదిలేసి, గ్లాసు మీది పొట్టిది రాసేస్తోంది.

"నువ్వే నేర్పేవనుకున్నానొదినా," అంది మరదలు. మాట మామూలుగానే ఉంది. దాని వెనక ఉన్నది నాకు వినిపించింది. "ఏరే స్టీలు గ్లాసు మీద మొత్తం అక్షరాలూ ఏయించి తెచ్చేం. దాన్లో ఇత్తే తాగదు."

ఇంతలో మార్కెట్ నుంచి తమ్ముడు వచ్చాడు. నన్నూ, పలకనూ, మరదలి మొహాన్నీ వరసగా చూసి, విషయం గ్రహించి, వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సూడప్పా, బడికాడ ఆళ్లది రాత్తాది. ఇంటికాడ నీది. మద్దిలో ఆపేద్దాం."

నేను ఒప్పుకోలేదు. ఈసారి నోరు కూడా మూసుకోలేదు. అందుకేనేమో, ఆ సాయంత్రం ఆ ఇంట్లో అందరికీ టీ ఇచ్చారు, నాకు ఇవ్వడం మరిచిపోయారు.