అధ్యాయం నడుమ

ధర్మవరం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో, పట్టుగుడ్డలో చుట్టిన పాత పురాణ గ్రంథం ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలోని పాత పుస్తకాల మ్యూజియంకు ఇచ్చేయడానికి తీసుకుపోతున్నాడు.

“మా నాయన మగ్గం దిగినాక దినామూ చదివేటోడు. నాకు చూపు ఆనదు, ఇంట్లో చదివేటోళ్లు లేరు. చెదలు తినేదానికన్నా ఆడుంటే మేలు. అద్దాల పెట్టెలో పెడితే మాత్రం ఇంక దీన్ని చదవంగా వినేదెవరప్పా?” అన్నాడు. నా నుదుటి నామం చూసి, “భజన చేసేటోని మాదిరి ఉండావు. ఒక్క అధ్యాయం చదువు” అని గ్రంథం నా చేతిలో పెట్టాడు.

పసుపు మరకల పుటలు చూడగానే మా చిన్ననాటి భజన మందిరం గుర్తొచ్చింది. అక్కడ రోజూ విని నోటికొచ్చిన అధ్యాయమే తీసి, గొంతెత్తి చదివాను. ఇంతలో యూనివర్సిటీ వచ్చింది.

“ఏం పెద్దాయనా, వైకుంఠం దాకా టికెట్ తీసుకున్నావా? నీ స్టాపొచ్చింది, దిగు!” అని కండక్టర్ అరిచాడు.

“అధ్యాయం నడుమ లేయగూడదు. పోనీ నాయనా” అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

అధ్యాయం ముగిశాక తర్వాతి స్టాపులో దిగి, గ్రంథాన్ని తలమీద పెట్టుకుని ఎండలో వెనక్కి నడిచాడు.

ఇప్పుడా గ్రంథం మ్యూజియంలో అద్దం కింద ఉంది. తెరిచి ఉంచిన పుట ఆ అధ్యాయం నడిమిదే. ఎప్పుడు వెళ్లినా ఆ పుట చదువుతాను. మిగిలింది నాకు నోటికి వచ్చు. అక్కడే నిలబడి, మెల్లగా పూర్తి చేసి వస్తాను.