మధ్యాహ్నం పూట మగగొంతు

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని, నాలుగడుగులు వేసి నా కుర్చీలో కూర్చుంటాను. అదే నా ఆఫీసు. నైటీలోనే రాయడానికి కూర్చున్న రోజుల్లో పదకొండయినా పని మొదలయ్యేది కాదు, అందుకని ఈ వేషం. చూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా కొంగు సర్దుకుంటాను.

మడకశిరలో ఒక కిరాణా అంగడి పైనున్న గది నాది. ఫోన్లో వినే సీరియల్ కథలకు మాటలు రాయడం నా పని. కథ హైదరాబాదులో ఎవరో అల్లుతారు, మాటలు నేను రాస్తాను, ఇంకెవరో చదువుతారు. నా పేరు ఎక్కడా రాదు. నాకు పని పంపే అమ్మాయిని మూడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె వాయిస్ మెసేజీల వెనక కుక్కరు విజిల్ వినిపిస్తే, ఈ పూట వాళ్లింట్లో పప్పు ఉడుకుతోందని తెలిసేది. ఆ మాత్రం బంధుత్వం చాల్లే అని సరిపెట్టుకునేదాన్ని.

ఇంట్లో కూర్చుని చేసేదాన్ని మా వీధిలో ఎవరూ పని అనరు. ఎవరికి గ్యాస్ బండ రావాల్సి ఉన్నా నాకే అప్పగింత. కొళాయి నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి, ఎప్పుడు వస్తాయో దేవుడికే తెలియాలి. "నువ్వు ఇంట్లోనే ఉంటావు గదమ్మా, మా డ్రమ్ముకి గూడా పట్టు" అని చెప్పి ఎదురింటామె పొలానికి పోయేది. ఒకసారి పీటల మీద పెళ్లి ఆగిపోయే ఘట్టం రాస్తూ మధ్యలో లేచి, మూడిళ్ల నీళ్లు పట్టి వచ్చి చూసుకుంటే, ఆ పెళ్లి ఎందుకు ఆగిందో నాకే గుర్తు రాలేదు. ఒళ్లు మండిపోయింది. కానీ నిజం చెప్పాలంటే, నీళ్లు రాని మూడు రోజులూ నన్ను పిలిచేవాళ్లే ఉండరు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఈ గది దొరకడానికి ముందు చాలా గడపలు తొక్కాను. మొగుణ్ణి వదిలేసిన నలభై ఏళ్ల మనిషి, ఒక్కతే ఉంటుందట, ఉద్యోగమంటే ఏదో రాసుకుంటుందట. ఇవన్నీ విన్నాక ఎవరికైనా ఇంటికి సున్నం కొట్టించే పని గుర్తొచ్చేది. కింద అంగడి నడిపే ఆమె మాత్రం ఇచ్చింది. ఆమెను అక్కా అంటాను. మగవాళ్ల రాకపోకలు ఉండకూడదన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. పైగా ఆ వీధిలో సిగ్నల్ సరిగ్గా నిలిచేది ఆ గదిలోనే. అది పోతే పనీ పోయినట్టే.

ఒంటరి ఆడవాళ్లకు తెలిసిన ఒక ఉపాయం ఉంది. గడప బయట మగవాళ్ల చెప్పులు ఒక జత పెట్టుకోవడం. సంతలో పెద్ద సైజు తోలు చెప్పులు కొని తలుపు పక్కన విడిచాను. రెండు రోజులకోసారి అటువి ఇటు తిప్పి పెట్టేదాన్ని, లేకపోతే ఎవరూ తొడగడం లేదని దొంగకు తెలిసిపోదూ!

ఇంకో అలవాటు, రాసిందంతా పంపే ముందు పైకి చదవడం. కంటికి బాగానే ఉన్న వాక్యం నోట్లో పడ్డాక అన్నంలో రాయిలా తగులుతుంది. భోజనమయ్యాక, వీధి సద్దుమణిగే వేళ, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చదువుతాను. ఆడమనిషి మాటలు నా గొంతుతోనే. మొగుడి మాటలు వచ్చినప్పుడు గొంతు బాగా దించి, బొంగురు చేసి చదువుతాను. ఆ నెల నేను రాస్తున్నది మొగుడూ పెళ్లాల కథ. వాళ్లు కొట్లాడుకునేవాళ్లు, అలిగేవాళ్లు, కలిసిపోయి నవ్వుకునేవాళ్లు. అన్నీ నేనే.

ఒకరోజు పాల పాకెట్టు కోసం కిందికి దిగాను. అక్క చాటలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"నెలాఖరుకు రూము ఖాళీ చెయ్యమ్మా."

"ఏమైందక్కా?"

"ఏమైందని నన్నడుగుతావా? మధ్యాన్నమైతే సాలు, పైన మగమనిషి గొంతు వినిపిస్తాండాది. మొన్న నవ్వుకుంటిరి, నిన్న కొట్లాడుకుంటిరి. వాకిట్లో చెప్పులు గూడా చూసినారంట. వీధిలో అందరూ చెప్పుకుంటాండారు. నాకు మర్యాద ఉండాదా లేదా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

"నవ్వుతావేందమ్మా, సిగ్గు లేకుండా!"

"పైకి రా అక్కా. ఆ మగమనిషిని చూపిస్తా."

మోకాళ్ల నొప్పులతో ఆమె ఎప్పుడూ పైకి వచ్చింది లేదు. ఆరోజు గోడ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. చెప్పులు దొంగల భయానికి నేనే కొని పెట్టానని గడప దగ్గరే చెప్పాను. తలుపు వెనక చూసింది, బాత్రూములో చూసింది, వంగలేక వంగి మంచం కింద కూడా చూసింది. నేను లాప్‌టాప్ తెరిచి, నిలబడి, చదవడం మొదలుపెట్టాను.

"ఇప్పుడా రావడం?" ఇది పెళ్లాం.

"బస్సు దొరకలేదు." ఇది మొగుడు.

"బస్సు దొరకలేదా, ఇల్లు గుర్తు రాలేదా?"

"ఇదే! ఇదే గొంతు!" అని అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వింది. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఇన్నేళ్లలో నేను రాసింది నా ఎదుట కూర్చుని విన్న మనిషి ఆమె ఒక్కతే. గది సంగతి మరిచిపోయి మొగుడి దగ్గు దగ్గాను, పెళ్లాం మూతి విరుపు విరిచాను, ఆ రోజు పంపాల్సిన భాగమంతా చదివేశాను.

ముగించి చూసేసరికి అక్క నవ్వడం లేదు. గోడ వారగా కడిగి బోర్లించిన ఒక్క కంచాన్ని, దాని పక్కన ఒక్క గ్లాసును చూస్తోంది.

"అంటే, మొగుని మాటలు నువ్వే, పెండ్లాము మాటలు నువ్వే."

"అవునక్కా."

"దినామూనా?"

"దినామూ."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"రూము నీదేలేమ్మా, యాడికీ పోవద్దు. కానీ, ఎవరన్నా ఒకడు ఉండింటే బాగుండు గదమ్మా."

గోడ పట్టుకుని మెల్లగా దిగి వెళ్లిపోయింది. ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, గెంటేస్తే ఇంకో వీధి వెతుక్కునేదాన్ని. ఆమె జాలిపడి పోయింది. మడత నలగని చీరతో నేల మీద కూలబడి ఏడ్చాను. గది దక్కించుకోవాలని అంత ఆరాటపడ్డాను. నా దగ్గరికి ఎవ్వరూ రారని, సాక్షిని పిలిచి మరీ, నేనే రుజువు చేసుకున్నాను.