చైనా దాటితేగానీ అన్నం లేదు

సువర్ణరాజు గారు కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచేలోగా పచ్చికాయ పండైపోతుందని మా నూజివీడులో అనుకునేవారు. అందులో అతిశయోక్తి కొంతే. ప్రార్థన మొదలుపెట్టడం ఆయనకు వచ్చినంత బాగా ముగించడం రాదు.

బస్టాండు వెనక సందులో, మామిడికాయల గోడౌను పక్కన, పెంకుల షెడ్డులో ఆయన పెంతెకొస్తు మందిరం. మధ్యాహ్నం ఆకలితో ఎవరొచ్చినా, నీ దేవుడెవరని అడక్కుండా అన్నం, పప్పుచారు పెట్టేవారు. పక్కనే నా సైకిలు షాపు. "నీ చెయ్యి ఖాళీగానే ఉంది కదటయ్యా" అని ఒకరోజు నాకో గరిటె ఇచ్చారు. అంతే, అది ఏళ్ళ తరబడి నా చేతిలోనే ఉండిపోయింది.

ఆయన ప్రార్థనకి ఒక రూటు ఉండేది. నూజివీడులో బయల్దేరి, మామిడితోటల్లో తేనెమంచు పురుగు పోవాలని కోరి, బాపులపాడు మీదుగా బెజవాడ చేరి, సబ్‌కలెక్టరు గారికి సద్బుద్ధి అడిగి, ఢిల్లీలో కాస్త ఆగి, చైనా వెళ్ళేది. చైనాతో యుద్ధం అయ్యాక అక్కడ మరీ ఆలస్యమయ్యేది. శత్రువుల కోసం ఎక్కువ ప్రార్థించాలట.

పంక్తిలో కూర్చున్న కూలీ మల్లయ్య కళ్ళు మూసుకునే పక్కవాణ్ణి గోకేవాడు.

"ఎందాకా వచ్చాడ్రా?"

"ఇంకా బాపులపాడేరా."

"ఓరి దేవుడో! ఈయనకంటే ఎడ్లబండి నయం."

ఓసారి ఆకలికి తాళలేక మల్లయ్య మధ్యలోనే "ఆమేన్!" అని గట్టిగా అరిచాడు. అందరూ విస్తళ్ళు సర్దుకున్నారు. సువర్ణరాజు గారు తొణకలేదు. "ప్రభువా, తొందరపడే మల్లయ్యకి ఓర్పునివ్వు" అని మళ్ళీ నూజివీడునుంచి ఎత్తుకున్నారు.

ఇంకోసారి మైలవరం వెళ్ళే ముసలామె బస్సెక్కబోతూ, క్షేమంగా చేరాలని ప్రార్థన చెయ్యమంది. చేశారు. ఆయన ప్రార్థిస్తుండగానే బస్సు క్షేమంగా మైలవరం చేరిపోయింది. ఆమె మాత్రం బస్టాండులోనే ఉంది.

ఇంత మెత్తని మనిషీ ఒక్క విషయంలో మాత్రం కర్కోటకుడు. ప్రార్థనలో కళ్ళు తెరిచినవాడికి ఆఖర్న మాడు అన్నమే. నేను తెరిస్తే గరిటె లాక్కుంటానని బెదిరించారు. అందుకని నేనూ బుద్ధిగా మూసుకునేవాణ్ణి. ఆయన భార్య ఆరోగ్యమ్మ గారు వంటింట్లో విసుక్కునేవారు. "మా పెళ్ళినాడూ ఇంతే బాబూ. తాళి కట్టేసరికి పప్పు గడ్డకట్టింది."

ఒక ఏడు వేసవిలో గాలివాన వచ్చింది. కాయంతా రాలిపోయింది. కూలీలకి పని పోయింది. తోటలు గుత్తకి తీసుకున్నవాళ్ళ నోట్లో మట్టి పడింది. మంచి రోజుల్లో మందిరానికి గంపలకొద్దీ పళ్ళు పంపిన తులసమ్మ గారి ఇంటాయనైతే ఆ దిగులుతో మంచమే పట్టాడు. మా పంక్తి సందు చివరిదాకా పెరిగింది. చల్లారిన అన్నం కబురు బెజవాడదాకా పాకింది.

అక్కణ్ణుంచి పెద్ద పాస్టరు జ్ఞానప్రకాశం గారు దిగారు.

"ఏమయ్యా సువర్ణరాజూ! పొగలు కక్కే అన్నాన్ని చద్దన్నం చేస్తున్నావట?"

"చైనా కాస్త దూరమండీ..."

"చైనా లేదు, గీనా లేదు. ఇవాళ నా ఎదుట ఆవిరి ఆరకముందే ఆమేన్ అనాలి. లేదా ఏజెన్సీ అడవికి బదిలీ చేస్తా. అక్కడ చెట్లకి ప్రార్థన చేసుకో. వాటికి ఆకలెయ్యదు."

సువర్ణరాజు గారి మొహం పాలిపోయింది. వంటింటివైపు ఒకసారి చూసి, "చిత్తమండీ" అన్నారు.

అందరూ కళ్ళు మూశారు. ప్రార్థన జట్కా గుర్రంలా పరుగెత్తింది. తేనెమంచు పురుగు ఒక్క ముక్కలో చచ్చింది. బాపులపాడు వచ్చింది. అక్కడ గొంతు ఆగిపోయింది. ఆయన ఆగడమన్నది నేనెప్పుడూ ఎరగను. గరిటె పోతే పోయిందని కళ్ళు తెరిచాను.

వంటింటికి వేరే దారి లేదు. వచ్చినా పోయినా మేం కూర్చున్న వాకిలి దాటాల్సిందే. ఆ వాకిలి నడిమధ్యలో తులసమ్మ గారు! కొంగు కింద అన్నం క్యారేజీ. అడుగు ముందుకి పడదు, వెనక్కి పడదు. ఒక్క "ఆమేన్" పడితే కూలీలందరి కళ్ళూ ఆమె మీదే.

ఇన్నేళ్ళూ చైనా ఎందుకంత దూరమో నాకప్పుడు తెలిసింది.

పక్కకి చూద్దును కదా, అన్నంలో ఆవిరి ఉందో లేదో చూద్దామని పెద్ద పాస్టరు గారూ కళ్ళు తెరిచే ఉన్నారు. ఆయన తులసమ్మ గారిని చూశారు. సువర్ణరాజు గారు ఆయన్ని చూశారు. ఆమె ఎవర్నీ చూడలేక నేలచూపులు చూస్తోంది.

"ఎవరూ కళ్ళు తెరవొద్దు!" పెద్ద పాస్టరు గారి కేకకి పెంకులు అదిరాయి. "ఇప్పుడు నేను ప్రార్థిస్తా!" గట్టిగా కళ్ళు మూసుకుని అందుకున్నారు. కంగారులో దేశాలు గుర్తురాలేదు కాబోలు, రైలు స్టేషన్లు పట్టుకున్నారు. "ప్రభువా! తెనాలిని దీవించు. బాపట్లని దీవించు. చీరాలని, అందులో నేతగాళ్ళని, వాళ్ళ మగ్గాల్ని..."

ఒంగోలు వచ్చేసరికి తులసమ్మ గారు గుమ్మం దాటారు. ఆయన మాత్రం మద్రాసు సెంట్రల్ దాకా ఆగలేదు.

"ఇదేంట్రా, ఈయన పాసింజరు బండిలా ఉన్నాడు!" మల్లయ్య గొణిగాడు.

భోజనాలయ్యాక పెద్ద పాస్టరు గారు చేతిసంచీ తీసుకుంటూ గొంతు సవరించుకున్నారు.

"బదిలీ మాట మర్చిపోవయ్యా. ప్రార్థన మాత్రం ఇంకాస్త పెంచు. ఈ వాకిలి మరీ పొడుగు."

చేతులు కడుక్కుంటున్న మల్లయ్య చెవిన ఆ ఆఖరి రెండు మాటలే పడ్డాయి. చెంబు వదిలేసి పరుగున వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"బాబ్బాబూ, తమరికి దణ్ణం పెడతా! కావాలంటే వాకిలి నేను తగ్గిస్తానండీ!"