లాడ్జిలో ఒడిబియ్యం

“లాడ్జిల ఎవలన్న ఒడిబియ్యం పోస్తరా?” అని మా వదినె నవ్వింది. వదినె అంటే మా ఆయన అక్క. మాకు గోడ అవతలే ఉంటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ మా ఇంట్లో ఆమెది ముప్పావు వాటా. నవ్వడం అయ్యాక అసలు మాట చెప్పింది. “ఇల్లు వాకిలి ఉన్నోళ్ళు పోస్తే అది ఒడిబియ్యం. రోజుకొకలు పండి పోయే జాగల పోసినయి తెస్తే మాత్రం నేను పొయ్యెక్కనియ్య. ఎవ్వల్నీ పిలువ.”

“పోసేది బియ్యం వదినే, ఇటుకలు కావు” అన్నాను. మా ఆయన పేపరు ఇంకొంచెం పైకెత్తుకుని మొహం దాచుకున్నాడు. ఆయనకు అక్క మాటకు అడ్డు చెప్పే ధైర్యం లేదు, నన్ను ఆపే ధైర్యం అంతకన్నా లేదు. మాటైతే అనేశాను గానీ లోపల చురుక్కుమంది. ఎందుకంటే ఆమె అన్న అనుమానమే నాకూ ఉంది.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మా దిక్కు పెళ్ళైన ఆడపిల్లను మూడేళ్ళకో ఐదేళ్ళకో తల్లిగారింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం కొంగులో పోస్తారు. అందులో ఎండు కొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డ ఉంటాయి. ఆ బియ్యం మూట కట్టుకుని వచ్చి అత్తగారింట్లో వండి నలుగురికి పెట్టాలి. పోసేవాళ్ళు లేకపోతే ఆ ఆడపిల్లకు తల్లిగారిల్లు లేదన్నట్టే. ఎవరూ పైకి అనరు, కానీ బంతిలో కూర్చున్నప్పుడు చూపులు చెబుతాయి.

మా తల్లిగారిల్లు కంపెనీ క్వార్టర్. బాపు బొగ్గు బాయిలో పని చేసేవాడు. మా గల్లీలో ఎవరిదీ ఒక ఊరు కాదు, ఎవరికీ సొంత గోడ లేదు. బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేశాం. తర్వాత కిరాయి ఇళ్ళల్లోనే బాపు, అవ్వ ఒకరి వెనక ఒకరు పోయారు. తమ్ముడు మస్కట్ పోయి పెద్ద హోటల్లో పరుపులు సర్దే పని చేశాడు. తిరిగొచ్చాక ఉట్నూరులో నడిబజారున ఉన్న ఒక పద్దెనిమిది గదుల పాత లాడ్జిని లీజుకు తీసుకుని, కౌంటర్ వెనక గదిలో భార్యతో కాపురం పెట్టాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. “అక్కా, అవ్వ పోయినంక నీకు ఎవలూ ఒడిబియ్యం పోయలే. ఈసారి నేను పోస్త. నువ్వు రా.”

వదినె మాట వాడికి చెప్పలేదు. చెప్తే వాడి గుండె పగిలేది. ఈసారి నేను పోకపోతే వాడు మళ్ళీ పిలవడు, అంత అభిమానం వాడికి. కాదని ఆ బియ్యం తెచ్చుకుంటే మా ఇంట్లో పొయ్యెక్కదు. సరే, ముందు చూద్దాం, అది ఇల్లో కాదో నా కళ్ళు చెబుతాయి అనుకుని బస్సెక్కాను.

లక్సెట్టిపేట, జన్నారం దాటాక రెండు పక్కలా టేకు అడవి. ఉట్నూరు రాగానే గాలి మారింది. బస్టాండు ఎదుట టీ బండ్లు, వాటి వెనక లాడ్జి. తమ్ముడు నా సంచి అందుకుని, అలవాటు కొద్దీ రిజిస్టర్ ముందుకు తోశాడు. తోసి నాలుక కరుచుకున్నాడు. “ఆధార్ కూడ చూపియ్యాల్నా నాయనా?” అన్నాను. కౌంటర్ దగ్గర కూర్చున్న మెడికల్ రెప్పు పకపకా నవ్వాడు.

వాడిచ్చిన గది పై అంతస్తులో, రోడ్డు వైపు. తలుపు తీసి చూస్తే మంచం మీద తెల్ల టవల్‌తో చేసిన హంస! మెడ వంచి మరీ కూర్చుంది. మస్కట్ విద్య. నాకు నవ్వాగలేదు. హంసను విప్పి మొహం తుడుచుకోవాలంటే మనసొప్పలేదు, కుర్చీలో కూర్చోబెట్టి నా కొంగుతోనే తుడుచుకున్నాను. అద్దం అంచున ఎవరెవరో అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళలు ఉన్నాయి, ఎర్రవి, నల్లవి, ఒకటి పచ్చరాయిది. వీటి మనుషులు ఎందుకొచ్చి ఉంటారు ఈ ఊరికి? పని అయిందా వాళ్ళకు? కిటికీ తెరిస్తే కింద సీతాఫలాల గంపలతో గోండు ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. బేరం ఆడేవాళ్ళు తక్కువ, ముచ్చట పెట్టేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ వెనక ఇళ్ళ కప్పులు, ఇంకా వెనక గుట్టలు.

నాకు ఒక చోట కుదురుగా కూర్చునే గుణం లేదు. సాయంత్రం దాకా మెట్లెక్కి దిగుతూనే ఉన్నాను. సెల్ టవర్ బాగు చేసేవాళ్ళు ఒక గదిలో, పరీక్ష రాసే ఆడపిల్లలు ఒక గదిలో. కిన్వట్ వైపు నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిన మరాఠీ దంపతులు వరండాలో గిన్నెలు కడుక్కుని బోర్లిస్తున్నారు. తమ్ముడు వచ్చినవాళ్ళందరి ఆధార్ చూస్తాడు, డబ్బు తీసుకుంటాడు, తాళం చెయ్యి ఇస్తూ “తిన్నరా?” అంటాడు. తినలేదంటే మెస్సు ఎక్కడుందో బయటికొచ్చి చెయ్యి చాపి చూపిస్తాడు. ఈ “తిన్నరా” మస్కట్‌ది కాదు, మా అవ్వది.

కానీ మరదలు సంసారం మాత్రం నాకు అంతుపట్టలేదు. కౌంటర్ వెనక గదిలో మంచం ఉంది, బీరువా ఉంది, దేవుడి పటం ఉంది. పొయ్యి లేదు. అల్మారా తెరిచి చూశాను, అవును, ఇంకొకరి అల్మారా తెరవకూడదు, నాకూ తెలుసు. రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు, ఒక టిఫిన్ క్యారియర్ ఉన్నాయి. “వంట ఏడ చేస్తున్నవే?” అంటే, “బయట మెస్సున్నది గద వదినె” అని మాట దాటేసింది. మూడు పూటలా క్యారియర్ తిండేనన్నమాట! నాకు వదినె మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఆ రాత్రి హంస నా వైపే చూస్తోందనిపించి మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

తెల్లారి ఇంకో పరేషాన్. ఒడి నింపడానికి ఐదుగురు ముత్తైదువలు కావాలి. ఇంటి పక్కవాళ్ళను పిలుద్దామంటే ఒక పక్క మెడికల్ షాపు, ఇంకో పక్క ఏటీఎం. “లాడ్జిల ఉన్నోళ్ళనే అడుగుదాం వదినె” అంది మరదలు. ఇద్దరం పసుపు చేతులతో గది గదికీ తలుపు కొట్టాం. ఒక గదిలో కొత్త జంట. తలుపు సందులోంచి కుర్రవాడి చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది, రెండు ఆధార్ కార్డులు పట్టుకుని. “మేము పెండ్లి చేసుకున్నోళ్ళమే మేడం, సర్టిఫికెట్ కూడ ఉన్నది” అన్నాడు. పోలీసులనుకున్నాడు పాపం! “అయితే ఇంకా మంచిగయింది, నీ పెండ్లాన్ని జర పంపు” అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడుతూ వచ్చింది. మరాఠీ అక్కకు మేము చెప్పాల్సిన పనే పడలేదు. నా చీర చూసి, పళ్ళెం చూసి, “ఓటీ భరాయచీ ఆహే కా?” అని మొహం విప్పార్చింది. వాళ్ళలోనూ ఒడి నింపుతారట. “మా తాన గోదుమలు పోస్తరు. ఏం ఫరక్ లేదు, రా రా” అని మమ్మల్నే నడిపించింది. సీతాఫలాలమ్మే ఆవిడొకతె గంప పక్కామెకు అప్పజెప్పి పైకొచ్చింది. మెస్సు నడిపే ఆవిడ, మరదలు కలిసి ఐదుగురయ్యారు.

పై అంతస్తు వరండాలో పీట లేదని దుప్పటి మడిచి వేశారు. నేను కూర్చున్నాను. తమ్ముడు దోసిళ్ళతో బియ్యం పోస్తుంటే వాడి చేతులు చూశాను. సబ్బు నీళ్ళకు వేళ్ళు పొట్టు రేగి ఉన్నాయి. ఒక్కొక్క దోసిలికీ కొంగు బరువెక్కింది. నా కళ్ళు నిండాయి. ఇంతకాలం నేను ఆ బరువు కోసం ఎంత ఎదురుచూశానో అప్పుడు తెలిసింది. మరాఠీ అక్క పాట ఎత్తుకుంది. గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. టవర్ మెకానిక్ బ్రష్ నోట్లో పెట్టుకునే నిలబడ్డాడు.

అంతా అయ్యాక ఒక పద్ధతి మిగిలింది. ఆడపిల్ల తన ఒడిలోంచి ఐదు పిడికిళ్ళు తీసి తల్లిగారింటి బియ్యంలో కలిపి పోవాలి. లక్ష్మిని మొత్తం మూట కట్టుకుపోకూడదని. నేను లేచి, పిడికిలి బిగించి, “బియ్యం డబ్బా ఏదే?” అన్నాను.

మరదలు తల దించుకుంది. తమ్ముడు గోడ చూశాడు. తెచ్చినవన్నీ నా ఒడిలోనే ఉన్నాయి, ఆ ఇంట్లో కలపడానికి ఒక్క గింజ లేదు.

ఐదుగురు ముత్తైదువలూ నా పిడికిలినే చూస్తున్నారు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మరదల్ని గదిలోకి లాక్కుపోయాను. “అల్మారల గింజ లేదు, పొయ్యి లేదు. ఏందే ఇది?”

“పొయ్యి పెట్టద్దని నేనే అన్న వదినె” అంది మెల్లగా. ఆమెదీ క్వార్టర్ బతుకే, ఆమె బాపుదీ బాయి పనే. “మా క్వార్టర్ ఖాళీ చేసిననాడు మా అవ్వ వెనక దొడ్ల మట్టి పొయ్యి ముందట కూసున్నది. దాన్ని తవ్వి తీస్కపోతనన్నది. కంపెనోళ్ళు తాళం పట్టుకొని నిలబడ్డరు. అవ్వ లేవలే. ఆఖరికి మా అన్న ఎత్తుకచ్చిండు. నేను చూసిన. గీ లాడ్జి గూడ లీజే గద. రేపు ఎవలన్న లెవ్వుమంటే? పొయ్యే లేకుంటే లేసుడు సులువైతదనుకున్న.”

మా అవ్వ అలా కూర్చోలేదు, కానీ కిరాయింట్లో ఎన్నాళ్ళున్నా ఒక్క మేకు కొట్టించలేదు. అది పొదుపు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అయినా నా నోరు ఊరుకోదుగా. “నీ బుగులు నీకున్నది, మంచిదే. మరి నేను ఏ ఇంటి ఆడబిడ్డను? బస్టాండుదాన్నా? లేపితే లేద్దువు తీ. లేచేదాక తినవా?”

మరదలు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మంచం కింద నుంచి పెద్ద స్టీలు డబ్బా ఒకటి లాగింది. గదులకు ఇచ్చే చిన్న చిన్న సబ్బుబిళ్ళలు దాని నిండా ఉన్నాయి. అన్నీ పరుపు మీద గుమ్మరించి, డబ్బాను కొంగుతో తుడిచి, నా ముందు పెట్టి మూత పట్టుకుంది. “ఇందుల బియ్యం పొయ్యి వదినె” అంది. అందరి ముందూ ఐదు పిడికిళ్ళు పోశాను. అడుగున పడ్డ బియ్యం గలగలమన్నాయి.

తమ్ముడు చెప్పులు వేసుకుని బజారుకు పోయాడు. వచ్చేటప్పుడు భుజం మీద బియ్యం సంచి, చేతిలో కరెంటు పొయ్యి. గిన్నె మరిచాడు! మరాఠీ అక్క తన గిన్నె ఇచ్చింది. సంచి విప్పి నా పిడికిళ్ళ మీద పోసి, కలిపి, పైనుంచి తీసి అన్నం వండింది మరదలు. మొదటి వంట కదా, చేతులు తడబడి కాస్త మెత్తగా అయింది. సబ్బు వాసన కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పప్పు మెస్సు నుంచి వచ్చింది. కొత్త జంట, పరీక్ష పిల్లలు, మెకానిక్‌తో సహా వరండాలో బంతి కూర్చున్నాం. తమ్ముడు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. మరదలు వాడు తింటుంటే చూస్తూ నిలబడింది.

సాయంత్రానికి మూటతో ఇల్లు చేరాను. వదినె మా గడపలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మా ఆయన ఆమె వెనక నిలబడి నాకు ఏవో సైగలు చేస్తున్నాడు.

“ఏడ పోసిండ్రు?” అంది వదినె.

“మా తల్లిగారింట్ల.”

“ఓహో. ఎన్ని అర్రల ఇల్లో?”

“పద్దెనిమిది అర్రలు వదినే” అన్నాను. “అన్ని అర్రలల్ల సుట్టాలే. రేపు నలుగురిని పిలువు, నేను వండుత.”

వదినె కుర్చీ పక్కకు జరుపుకుంది. నేను మూట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళాను.