మార్తమ్మగారి ఆఖరి కీర్తన

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఏది ఆగిపోయినా దానికొక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మేదాన్ని.

మా చర్చి వెబ్‌సైట్ చూసేది నేనే. చదువు రానివాళ్ళు వినడానికి మార్తమ్మగారు బైబిల్లోని కీర్తనలు చదివేవారు. రిటైరైన టీచరు, నాలాగే ఒంటరి మనిషి. శనివారం సాయంత్రాలు నా అద్దె గదికి వచ్చేవారు. నేను రికార్డు చేసి సర్వర్‌కి ఎక్కించేదాన్ని. ఎక్కిన ఫైలు సైట్‌లో దానంతటదే కనిపిస్తుంది. నా గదికి వచ్చే మనిషి ఆవిడొక్కరే.

చివరిసారి చదివి వెళ్ళిన వారంలోనే ఆవిడ గుండెపోటుతో పోయారు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆ చివరి కీర్తన ఫైలు ఎక్కించబోయాను. సగం దాకా వెళ్ళి కనెక్షన్ తెగిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. ఫైర్‌వాల్ ఆపి చూశాను. ఫైలు పంపే పద్ధతిని పాసివ్ మోడ్‌కి మార్చాను. ఫోన్ నెట్ మీద, కాలేజీ నెట్ మీద కూడా ప్రయత్నించాను. వేరే ఫైళ్ళు చక్కగా వెళ్తున్నాయి, ఇదొక్కటే వెళ్ళదు. సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ళని అడిగితే తమ వైపు ఏ లోపమూ లేదన్నారు. విసుగొచ్చి, సర్వర్‌లో పడిన సగం ముక్క తీసేసి వదిలేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగిపోయింది. గదిలో ఉక్కగా ఉందని మెట్ల మీద కూర్చున్నాను. ఉప్పాడ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. చేపలమ్ముకునే మనిషి, కీర్తనలు రోజూ వింటారు.

"వందనాలండి. ఇప్పుడే మార్తమ్మగారి కొత్త కీర్తన విన్నానండి. చివర్లో ఆవిడ ఎవరితో మాట్లాడారండి?"

పాతదేదో విని పొరబడ్డారనుకున్నాను. కరెంటు వచ్చాక చూస్తే ఫైలు సర్వర్‌లో పూర్తిగా ఉంది. నా దగ్గరున్న దానికంటే కాస్త పెద్దది.

దించుకుని విన్నాను. కీర్తన అయిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆవిడ గొంతు.

"ఆ దగ్గేంటమ్మా? డాక్టరుకి చూపించుకో."

నా కాపీలో ఆ మాట లేదు. అసలు నాకు దగ్గు పట్టుకుంది ఆవిడ పోయాకే. పాస్‌వర్డ్ తెలిసింది నాకొక్కదానికే. హోస్టింగ్ వాళ్ళ చేత వెతికించాను. ఆ రోజు ఎవరూ లాగిన్ కాలేదన్నారు.

డాక్టరుకి చూపించుకున్నాను. మందులిచ్చారు, తగ్గింది. ఆ ఫైలు ఎలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. అన్నాళ్ళూ కాలేజీలో, చర్చిలో అందరి మధ్యా దగ్గుతూనే తిరిగాను. ఏంటని అడిగినవాళ్ళు లేరు.