మైకులో నా పేరు

జగదల్‌పూర్‌లో ఇంటింటికీ తిరిగి కచరా ఎత్తే చెత్తబండికి నేను డ్రైవర్ని. పోయిన వేసవిలో మా అన్న కూతురి పెళ్లికి ఆవపల్లి దగ్గర మా పుట్టింటి ఊరికి వెళ్లాను. చదివింపులప్పుడు ఇత్తడి బిందె పట్టుకుని వరుసలో నిలబడ్డాను. మైకు పట్టుకున్నాయన నాకు వరసకు బావ.

"కచరా లక్ష్మి, బిందె!" అని చదివాడు. పందిరంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇవ్వబోయిన బిందె వెనక్కి తీసుకున్నాను.

"మంచిగ సదువు బావా. అప్పుడే ఇస్త."

"అందరు అనేదే గద, ఏందే?"

"అననీ. మైకుల మాత్రం నా పేరు, నా పని సదువు."

వరుస ఆగిపోయింది. అన్న బతిమాలుతున్నట్టు చూశాడు. నేను కదల్లేదు. చివరికి బావ గొంతు సవరించుకుని, "చెత్తబండి డ్రైవర్ లక్ష్మిగారు, ఇత్తడి బిందె!" అన్నాడు. పీటల మీదున్న పెళ్లికూతురు తలెత్తి నవ్వింది.

నా వెనక చేతిపంపులు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఊరంతా ఆయన్ని 'బోరింగోడు' అనే పిలుస్తుంది. మైకు దగ్గరికొచ్చి, "నాది గూడ పూర్తిగ సదువు బిడ్డా. వెంకటేశం" అన్నాడు.

అది నేను పుట్టి పెరిగిన ఊరు. ఆయన పేరు వినడం నాకూ అదే మొదటిసారి.